ఇంటి వద్ద చదువుకునే చిన్నారులకు చిన్న అక్షరాలతో చిక్కు: గుర్తించే తీరు, తొలగించే మార్గాలు

పాఠ్యపుస్తకం చేతికి అందినంత మాత్రాన చదువు అందినట్లు కాదు. పుస్తకంలోని అక్షరం కంటికి ఆనాలి, ఆనిన అక్షరం అలుపు లేకుండా చివరి పంక్తి వరకు సాగాలి. బడికి వెళ్లే విద్యార్థి విషయంలో ఈ లోటును ఎవరో ఒకరు గమనించే అవకాశం ఉంటుంది. నల్లబల్లపై రాసింది తప్పుగా ఎక్కించుకుంటే ఉపాధ్యాయుడు అడుగుతాడు. ఆరోగ్య బృందం పాఠశాలకు వచ్చినప్పుడు కంటి పరీక్ష జరుగుతుంది. శారీరక వైకల్యం వల్లనో, దీర్ఘకాలిక అనారోగ్యం వల్లనో ఇంటి వద్దనే చదువుకునే పిల్లలకు ఈ రెండు అవకాశాలూ తక్కువే. వారి కంటి సమస్య చాలాసార్లు "మందబుద్ధి", "శ్రద్ధ లేదు" అన్న మాటల చాటున మరుగున పడిపోతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలోని తల్లిదండ్రులు, అవ్వాతాతలు ఈ విషయంపై అవగాహన కలిగి ఉండటం ఎంతైనా అవసరం.

ఇంటి చదువు ఎవరికి?

బాలల ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టానికి 2012లో చేసిన సవరణ ద్వారా బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం గల బాలలకు ఇంటి వద్దనే విద్యను ఎంచుకునే హక్కు లభించింది. సర్వశిక్షా అభియాన్ కాలంలో మొదలైన ఈ సేవలు 2018-19 నుండి సమగ్ర శిక్ష పథకం కింద కొనసాగుతున్నాయి. మండల స్థాయిలో భవిత కేంద్రాలలో పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి, సాధారణంగా వారంలో ఒక రోజు, పాఠాలు చెబుతారు. మిగిలిన ఆరు రోజులు ఆ బిడ్డకు ఇంటివారే గురువులు.

ఈ రెండు పూర్వపు జిల్లాల పరిస్థితిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, నల్గొండ జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతం. పాలమూరు పల్లెల నుండి వలస వెళ్లే కుటుంబాలలో పిల్లలు అవ్వాతాతల వద్ద ఉండిపోవడం ఏనాటి నుండో ఉన్నదే. అంటే ఇంట్లో చదువు చూడవలసిన పెద్దలలో అనేకులకు అక్షరం రాదు. బిడ్డ పుస్తకాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నప్పుడు అది అలవాటా, కంటి లోపమా అని తేల్చుకోవడం వారికి సులువు కాదు. అయినప్పటికీ, కంటి సమస్యను కనిపెట్టడానికి చదువు రావలసిన పని లేదు. గమనించే ఓపిక ఉంటే చాలు.

పాలమూరు పల్లెలలో జరిగిన ఒక అధ్యయనం

గ్రామీణ బాలల కంటి చూపుపై దేశంలో జరిగిన ముఖ్యమైన అధ్యయనాలలో ఒకటి మహబూబ్‌నగర్ జిల్లాలోనే జరిగింది. 2000 ఏప్రిల్ నుండి 2001 ఫిబ్రవరి వరకు 25 గ్రామీణ సముదాయాలలో ఇంటింటికీ తిరిగి 7 నుండి 15 సంవత్సరాల వయస్సు గల 4,414 మంది బాలబాలికలను నమోదు చేశారు. వారిలో 4,074 మందికి జిల్లాలోని గ్రామీణ నేత్ర కేంద్రంలో పరీక్షలు నిర్వహించారు. ఫలితాలు 2002లో వెలువడ్డాయి.

కళ్లజోడు లేకుండా పరీక్షించినప్పుడు, మెరుగైన కంటిలో కూడా చూపు 20/40 లేదా అంతకన్నా తక్కువగా ఉన్న పిల్లలు 2.7 శాతం. వారు వచ్చిన స్థితిలోనే, అంటే జోడు ఉన్నవారికి జోడుతోనే, పరీక్షించినప్పుడు 2.6 శాతం. సరైన అద్దాలు అమర్చి చూసినప్పుడు 0.78 శాతం. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. వెయ్యిమంది పిల్లలలో 27 మందికి చూపు తక్కువగా ఉండగా, అప్పటికే జోడు వల్ల ఆ ఇబ్బంది తీరినవారు ఒక్కరికి మించి లేరు. సరైన అద్దాలు ఇస్తే వారిలో సుమారు 19 మందికి చూపు మెరుగుపడేది. చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం వక్రీభవన దోషమే, అనగా కళ్లజోడుతో సరిదిద్దగలిగినదే. ఇది ప్రధానంగా దూరపు చూపును కొలిచిన అధ్యయనమైనప్పటికీ, పల్లెలలో బిడ్డ కంటికి, కళ్లజోడుకు మధ్య ఎంత దూరం ఉండేదో ఇది స్పష్టం చేసింది. బడికి రాని పిల్లల విషయంలో ఆ దూరం మరింత ఎక్కువ కాకుండా చూసుకోవలసి ఉంది.

తెలుగు లిపిలో ప్రత్యేకమైన ఇబ్బంది

చిన్న అక్షరాల సమస్య అన్ని భాషలలోనూ ఉన్నదే. అయితే తెలుగు లిపిలో దానికి కొన్ని ప్రత్యేక కారణాలు ఉన్నాయి. తెలుగు అక్షరం ఒకే వరుసలో ఒదిగి ఉండదు. గుళ్లు, కొమ్ములు, ఏత్వాలు, ఓత్వాలు ప్రధానాక్షరానికి పైన, పక్కన చేరతాయి. వత్తులు ప్రధానాక్షరం కన్నా చిన్న పరిమాణంలో కింద చేరతాయి. అక్షరం ఏ సైజులో ఉన్నా దాని వత్తు అంతకన్నా చిన్నదే. అందువల్ల అక్షరం కనబడే బిడ్డకు కూడా వత్తు కనబడకపోవచ్చు.

"విధి", "వీధి" అనే మాటల మధ్య తేడా గుడికీ, గుడిదీర్ఘానికీ మధ్య ఉన్న ఒక చిన్న వంపు. "కను", "కన్ను" మధ్య తేడా కింద చేరిన ఒక వత్తు. "అర్ధం", "అర్థం" మధ్య తేడా ఒక చుక్క. ఆ చుక్క కూడా కింది వత్తులోనే ఉంటుంది. ప-వ, మ-య, ద-ధ వంటి జంటల విషయమూ ఇంతే. ఇటువంటి చోట్ల బిడ్డ తడబడితే అక్షరాలు రావని అనుకోవడం సహజం. నిజానికి ఆ బిడ్డకు అక్షరాలు వచ్చి ఉండవచ్చు, వంపూ చుక్కా కనబడకపోవచ్చు.

పంక్తుల మధ్య ఎడం తక్కువైతే పై పంక్తిలోని వత్తులు, కింది పంక్తిలోని గుళ్లు దాదాపు ఒకదానికొకటి తగులుతాయి. చూపు బలహీనంగా ఉన్న కంటికి ఆ రెండూ కలిసి అలికినట్లుగా కనిపిస్తాయి. కాబట్టి తెలుగులో అక్షరం పెద్దది చేయడంతో పాటు పంక్తుల మధ్య ఎడం పెంచడం కూడా అంతే ముఖ్యం.

ఇంట్లోనే గుర్తించే విధానం

తొలి వాచకాలలో అక్షరాలు పెద్దవిగా, బొమ్మలు ఎక్కువగా ఉంటాయి. తరగతి పెరిగిన కొద్దీ అక్షరం చిన్నదవుతుంది, పుటలో పంక్తులు పెరుగుతాయి. ఒకటి, రెండు తరగతుల పాఠాలు చక్కగా చదివిన బిడ్డ మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి వెనుకబడితే ముందుగా అనుమానించవలసింది కంటిని. ఈ కింది లక్షణాలను గమనించాలి.

పుస్తకాన్ని కంటికి మరీ దగ్గరగా పెట్టుకోవడం. తల ఒక పక్కకు వంచి చూడటం లేదా ఒక కన్ను మూసుకోవడం. చదువుతూ పంక్తి తప్పిపోవడం, వేలు పెట్టుకుంటే తప్ప సాగకపోవడం. కొద్దిసేపటికే కళ్లు నులుముకోవడం, నీరు కారడం, తలనొప్పి అనడం. మాట మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పడం. నోటితో చెప్పిన కథను చక్కగా అప్పగించి, అదే కథను పుస్తకంలో చదవమంటే తప్పించుకోవడం. ఈ చివరి లక్షణం అక్షరం రాని అవ్వ కూడా గుర్తించగలిగినది. కథ గుర్తుంచుకోగల బిడ్డను మందబుద్ధి అనడానికి వీలులేదు.

మరొక సులువైన పరీక్ష కూడా ఉన్నది. పాఠంలోని నాలుగు వాక్యాలను తెల్ల కాగితంపై నల్లని స్కెచ్ పెన్నుతో, వేలి గోరంత పెద్ద అక్షరాలతో, ఎడం ఎడంగా రాయించాలి. మొదట పుస్తకంలోవి, మరునాడు అదే పాఠం నుండి వేరే నాలుగు వాక్యాలు కాగితంపై చదివించాలి. పెద్ద అక్షరాలతో చదువు స్పష్టంగా మెరుగుపడితే సమస్య కంటిదిగా భావించి కంటి పరీక్ష చేయించాలి. అక్షరం ఎంత పెద్దదైనా తడబాటు అలాగే ఉంటే అక్షరాలు నేర్పిన తీరునూ, అభ్యసన వైకల్యం ఉన్నదేమో అన్న విషయాన్నీ రిసోర్స్ పర్సన్ ద్వారా పరిశీలింపజేయాలి. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. ఇంట్లో చేసే ఈ పరీక్ష దారి చూపేది మాత్రమే. నిర్ధారణ చేయవలసినది వైద్యులే.

కంటి నల్లగుడ్డు మధ్యలో తెల్లని మెరుపు గానీ, తెల్లని మచ్చ గానీ కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా నేత్ర వైద్యునికి చూపించాలి. పుట్టుకతో వచ్చే శుక్లం, కంటి కణితి వంటి తీవ్రమైన వ్యాధులకు అది సూచన కావచ్చు.

మొదటి మెట్టు కంటి పరీక్ష

అక్షరం పెద్దది చేయడానికి ముందు కంటి పరీక్ష తప్పనిసరి. కళ్లజోడుతో తీరే ఇబ్బందికి భూతద్దం ఇవ్వడం, జోడుతో తీరని ఇబ్బందికి జోడు మీద జోడు మార్చడం రెండూ పొరపాట్లే. మెదడు పక్షవాతం, డౌన్ సిండ్రోమ్ వంటి సమస్యలు గల పిల్లలలో వక్రీభవన దోషాలు, మెల్లకన్ను ఎక్కువగా కనిపిస్తాయి. దగ్గరి వస్తువుపై చూపు నిలిపే శక్తి కూడా వీరిలో కొందరికి తక్కువ. ఇంటి వద్ద చదివే వారిలో ఇటువంటి పిల్లలు పలువురు ఉంటారు గనుక, ప్రధాన వైకల్యానికి చికిత్స జరుగుతున్నదన్న ధీమాతో కంటిని విస్మరించరాదు. మెల్లకన్ను, మందదృష్టి చిన్న వయస్సులో చికిత్సకు బాగా లొంగుతాయి. వయస్సు పెరిగిన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

అక్షరాలు చెప్పలేని పిల్లలకు, మాట రాని పిల్లలకు కూడా చూపు కొలవవచ్చు. వేర్వేరు దిక్కులకు తిప్పిన ఒకే గుర్తును చూపి, అది ఏ వైపు ఉన్నదో చేతితో చూపమనే పటాలు ఇందుకు ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో ప్రారంభమైంది. పుట్టిన నాటి నుండి 18 సంవత్సరాల వరకు పిల్లలను పరీక్షించడం దీని ఉద్దేశం. ఈ బృందాలు అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వస్తాయి. ఇంటి వద్ద ఉండే బిడ్డను ఆ రోజు అక్కడికి తీసుకువెళ్లడం, వీలుకాకపోతే ముందుగా ఆశా కార్యకర్తకు తెలియజేయడం కుటుంబం బాధ్యత. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కార్యక్రమం, 2023 జనవరిలో మొదలైన దాని రెండవ విడత గ్రామాలలో శిబిరాలు నిర్వహించాయి. అప్పుడు తీసుకున్న జోడు అయినా పిల్లల విషయంలో మళ్లీ పరీక్షించుకోవాలి. ఎదిగే కంటికి అద్దం కొలత మారుతూ ఉంటుంది. పై స్థాయి వైద్యానికి హైదరాబాదులోని ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి.

అక్షరాన్ని పెద్దది చేసే మార్గాలు

సరైన అద్దాలు అమర్చిన తరువాత కూడా చిన్న అక్షరం ఆనని పిల్లలను అల్పదృష్టి గలవారుగా పరిగణిస్తారు. 2016 నాటి చట్టం ప్రకారం, సాధ్యమైనంత మేర సరిదిద్దిన తరువాత కూడా మెరుగైన కంటిలో చూపు 6/18కి మించకుండా 3/60 వరకు ఉండటం, లేదా చూపు పరిధి 40 డిగ్రీల లోపు నుండి 10 డిగ్రీల వరకు కుదించుకుపోవడం అల్పదృష్టి. వీరు అంధులు కారు. వీరిలో అత్యధికులు అచ్చు పుస్తకం చదవగలరు. అందుకు మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, పుస్తకాన్ని దగ్గరకు తెచ్చుకోవడం. 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకాన్ని 20 సెంటీమీటర్లకు తెస్తే కంటిలో అక్షరం రెండింతలై పడుతుంది. అల్పదృష్టి గల బిడ్డ ఇలా చదవడం వల్ల ఉన్న చూపు పోతుందన్న భయం నిరాధారం. వైద్యులు పరీక్షించిన తరువాత అటువంటి బిడ్డను దగ్గరగా చదవవద్దని గదమాయించడం తగదు. అయితే మెడ వంచి చదవడం వల్ల నడుము, మెడ అలసిపోతాయి. పుస్తకమే కంటి ఎత్తుకు రావాలి. పారాయణానికి వాడే వ్యాసపీఠం ఇందుకు చక్కగా ఉపయోగపడుతుంది. అది లేనిచోట ఏటవాలుగా నిలబెట్టిన చెక్కపలక సరిపోతుంది. చక్రాల కుర్చీలో కూర్చునే బిడ్డకు, చేతులు వణికే బిడ్డకు ఇది మరీ అవసరం.

రెండవది, అక్షరాన్నే పెద్దదిగా ముద్రించడం. సాధారణ పుస్తకాలలో అక్షరం 10 నుండి 12 పాయింట్లు ఉంటుంది. 18 పాయింట్లు, ఆ పైన ఉన్నదాన్ని పెద్దక్షర ముద్రణగా పరిగణిస్తారు. తెలుగు ఫాంట్లలో వత్తులకు, గుళ్లకు చోటు వదలవలసి ఉండటం వల్ల అదే కొలతలో అక్షరం కొంత చిన్నదిగా కనిపిస్తుంది. కాబట్టి అంకెను కాక బిడ్డ కంటినే ప్రమాణంగా తీసుకోవాలి. ఏ4 కాగితంలోని పుటను ఏ3 కాగితంపైకి జిరాక్స్ తీయిస్తే అక్షరం 1.41 రెట్లు పెరుగుతుంది, అంటే 12 పాయింట్ల అక్షరం దాదాపు 17 పాయింట్లవుతుంది. పంక్తుల మధ్య ఎడం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు, ఇంగ్లిషు పక్కపక్కనే ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వీటిలో బిడ్డ చదివే భాష పుటలను మాత్రమే పెద్దవిగా తీయించుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది. ఒకేసారి పుస్తకమంతా కాక, రాబోయే పాఠం ఒక్కటే తీయించి, బిడ్డ అలుపు లేకుండా చదువుతున్నదీ లేనిదీ చూసి మిగతావి తీయించడం మేలు.

ఈ విధంగా పుస్తకాన్ని పెద్దదిగా చేసుకోవడం చట్టవిరుద్ధమేమోనని జంకనవసరం లేదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం వైకల్యం గల వారికి చదువుకోవడానికి అనువైన రూపంలో ప్రతులు తయారు చేసుకోవడానికి వీలు కల్పించింది. దృష్టిలోపం గల వారికి పుస్తకాలు అందుబాటులోకి తెచ్చే మరాకేష్ ఒప్పందం 2013 జూన్‌లో కుదిరింది. దానిని 2014లో అందరికన్నా ముందుగా ఆమోదించిన దేశం భారతదేశమే.

మూడవది, భూతద్దం. పుటపై బోర్లించే గాజు గుబ్బ, కాళ్లున్న భూతద్దం, చేతితో పట్టుకునే భూతద్దం అంటూ ఇవి పలు రకాలు. చేయి నిలకడగా లేని బిడ్డకు పుటపై ఆనించేవి అనుకూలం. శక్తి పెరిగిన కొద్దీ ఒకసారి కనబడే అక్షరాల సంఖ్య తగ్గుతుంది. అందువల్ల వైద్యుడు సూచించిన శక్తి గలదే వాడాలి, జాతరలో కొన్నది కాదు. స్మార్ట్ ఫోన్‌లోని కెమెరాతో పుటను ఫొటో తీసి వేళ్లతో పెద్దది చేసి చూడటం కూడా ఒక మార్గమే. కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు పిల్లలందరూ ఇంటి చదువే చదివారు. అర చేతి తెరపై అక్షరాలు చదవడం ఎంత శ్రమో ప్రతి కుటుంబానికీ అప్పుడు అనుభవంలోకి వచ్చింది. చూపు తక్కువైన బిడ్డ ప్రతిరోజూ పడే శ్రమ అదే.

వెలుతురు, కాగితం, విరామం

కొన్ని సర్దుబాట్లకు ఖర్చే లేదు. ఉదయపు వెలుతురులో అరుగు మీద, వెలుతురు వెనుక నుండి భుజం మీదుగా పుటపై పడేలా కూర్చోబెట్టాలి. ఎదురుగా ఉన్న వాకిలి వెలుతురు కళ్లను మిరుమిట్లు గొలుపుతుంది. ఎండను చూడలేని పిల్లలకు, ముఖ్యంగా పుట్టుకతో చర్మం, వెంట్రుకలు తెల్లగా ఉన్నవారికి, నీడలోనే చదువు సాగాలి. నునుపైన కాగితం మెరుస్తుంది, గరుకు కాగితం నయం. నల్లని అట్టముక్కలో ఒక పంక్తి కనబడేంత కిటికీ కోసి పుటపై జరుపుతూ చదివిస్తే పంక్తి తప్పదు, మెరుపూ తగ్గుతుంది. పది నిమిషాలు చదివించి రెండు నిమిషాలు కళ్లకు విశ్రాంతినివ్వడం, అరగంట ఏకధాటిగా చదివించడం కన్నా ఫలప్రదం.

పాఠాన్ని పెద్దలు చదివి వినిపించడం, రేడియో, ఫోన్ ద్వారా వినిపించడం మంచిదే. అయితే వినడం చదవడానికి తోడు కావాలి, బదులు కారాదు. చెవితోనే సరిపెడితే వత్తులు, దీర్ఘాలు బిడ్డకు ఎన్నటికీ పట్టుబడవు. చూపు మరీ తక్కువగా ఉండి, క్రమంగా తగ్గుతున్నదని వైద్యులు చెప్పిన పిల్లలకు మాత్రం అచ్చుతో పాటు బ్రెయిలీ నేర్పడం ఆలస్యం చేయరాదు.

హక్కుగా లభించేవి

40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ధ్రువీకరించిన విద్యార్థులకు 18 సంవత్సరాల వయస్సు వరకు పుస్తకాలు, బోధన సామగ్రి, తగిన ఉపకరణాలు ఉచితంగా అందించాలని 2016 నాటి చట్టం నిర్దేశిస్తోంది. పరీక్షల విషయంలో 2018 ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలనీ, పెద్దక్షరాల ప్రశ్నపత్రం కోరుకునే వీలుండాలనీ పేర్కొన్నాయి. 14 సంవత్సరాలు నిండిన తరువాత సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పరీక్షకు హాజరు కావచ్చు. ఇంటి వద్ద మొదలైన చదువు ఇంటి గడపలోనే ఆగిపోనవసరం లేదు.

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన తరువాత పూర్వపు నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట జిల్లా వచ్చింది. తల్లిదండ్రులు తమ ప్రస్తుత జిల్లాలోని మండల విద్యాధికారిని గానీ, భవిత కేంద్రాన్ని గానీ, సమీప ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుని గానీ సంప్రదించాలి. వైకల్య ధ్రువీకరణ పత్రం ఇంకా లేకపోయినా కంటి పరీక్షకు అది అడ్డు కాదు.

బిడ్డ చదవడం లేదన్న నిర్ణయానికి రాకముందే బిడ్డకు కనబడుతున్నదా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఆ ప్రశ్నకు సమాధానం కోసం ముందు కంటి పరీక్ష, ఆ తరువాత కళ్లజోడు, అదీ చాలకపోతే పెద్ద అక్షరం, దానికి తోడు మంచి వెలుతురు అన్న వరుసలో అడుగు వేస్తే, చిన్న అక్షరాల వద్ద ఆగిపోయిన అనేకమంది చిన్నారుల చదువు తిరిగి ముందుకు సాగుతుంది.